హెచ్‌సీఐ చదివాను: రెండేళ్లు దేనికి ఖర్చయ్యాయంటే

2025 మేలో నా థీసిస్ డిఫెన్స్ అయిపోయింది. చదివింది హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ (హెచ్‌సీఐ)లో, అంటే మనుషులు కంప్యూటర్లని, యాప్‌లని ఎలా వాడతారో చదివే శాస్త్రంలో మాస్టర్స్, రెండేళ్ల కోర్సు. చేరకముందు ఇలాంటి అనుభవాలు దొరికినవన్నీ చదివాను. ఏ టూల్ నేర్చుకోవాలి, పోర్ట్‌ఫోలియో ఎలా పెట్టాలి అన్నవే ఎక్కువ. చేరాక రోజులు దేనికి పోతాయో ఎవరూ రాయలేదు. నా విషయంలో యాప్‌ల తెరలు గీయడానికి పట్టిన సమయం చాలా తక్కువ. మనుషుల్ని వెతకడం, వాళ్ల కోసం కాచుకుని కూర్చోవడం, వాళ్లన్నది పొల్లుపోకుండా రాసుకోవడం, అందుకు అనుమతులు తెచ్చుకోవడం, వీటికే రెండేళ్లలో ఎక్కువ భాగం పోయింది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే కనీసం టెన్షన్ తగ్గేది. ఫీజు కాలేజీని బట్టి మారుతుంది కాబట్టి దాని జోలికి వెళ్లను. ఫీజుతో సంబంధం లేకుండా పడే ఖర్చులు మాత్రం మధ్యమధ్యలో చెప్తాను.

2022 నవంబరులో దరఖాస్తులు మొదలుపెట్టాను. అప్పటికి కొన్నేళ్లుగా వెబ్ డెవలపర్‌ని. బొమ్మలు గీయడం రాదు, డిజైన్ డిగ్రీ లేదు. మార్కుల పత్రాలు, సిఫారసు లేఖలు, ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం, పోర్ట్‌ఫోలియో అడిగారు. భయపెట్టింది చివరిదే. కోడ్ రాసిన వెబ్‌సైట్ల స్క్రీన్‌షాట్లు తప్ప చూపించడానికి నా దగ్గర ఏమీ లేవు. ఆలోచించి ఆలోచించి, ఆఫీసులో సెలవు పెట్టుకునే పేజీని తీసుకున్నాను. తోటివాళ్లు దాన్ని వాడుతుంటే పక్కన కూర్చుని ఎక్కడ ఆగుతున్నారో రాసుకున్నాను. కాగితం మీద పెన్సిల్‌తో మార్చి మళ్లీ వాళ్లకే చూపించాను. ఆ కాగితాల ఫోటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టి, వాటి తర్వాత కంప్యూటర్‌లో నీటుగా చేసిన తెరలు పెట్టాను.

ఫిబ్రవరిలో ఇంటర్వ్యూకి పిలిచారు. నీటుగా చేసిన తెరలు చూపించడం మొదలుపెట్టగానే ఒక ప్రొఫెసర్ ఆపి, "కాస్త వెనక్కి వెళ్లండి, ఆ పెన్సిల్ పేజీ చూపించండి" అన్నారు. ఆ తర్వాత చర్చంతా దాని మీదే. ఈ గడి ఎందుకు తీసేశారు, తీసేస్తే ఎవరికి ఇబ్బంది, అది మీ ఊహా లేక ఎవరైనా చెప్పారా? చివర్లో ఆ గదిలోని ప్రొజెక్టర్ రిమోట్ చేతికిచ్చి, దీన్ని మొదటిసారి పట్టుకున్నవాళ్లకి ఏం అర్థమవుతుందో చెప్పమన్నారు. "పట్టుకున్నది ఎవరండీ, పాఠం చెప్పేవాళ్లా, రిపేరు చేసేవాళ్లా?" అని అడిగాను. ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురూ ఏదో రాసుకున్నారు. డిజైన్ డిగ్రీ లేనివాళ్లకి నేను చెప్పగలిగేది ఇదే: చిత్తుకాగితాలు పారేయకండి. ఫలితం రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మెయిల్ తెరిచి మూయడమే పని.

క్లాసులు 2023 ఆగస్టులో మొదలయ్యాయి. మా బ్యాచ్‌లో నాలాంటి కోడర్లు, డిజైన్ చదివినవాళ్లు, సైకాలజీ చదివినవాళ్లు దాదాపు సమానంగా ఉన్నారు. మొదటి నెలలో ప్రతి ఒక్కరికీ పక్కవాళ్లే తెలివైనవాళ్లుగా కనిపించారు. డిజైన్ వాళ్లు నిమిషంలో గీసేస్తుంటే మాకు గుబులు, స్టాటిస్టిక్స్ మాట రాగానే వాళ్లకి గుబులు. సైకాలజీ వాళ్లు ఒక్కళ్లే నింపాదిగా ఉండేవారు, ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్ వచ్చేదాకా.

చదవాల్సిన పేపర్ల బరువు నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. కొన్ని పాతవి, కానీ పాతబడనివి. సైకాలజిస్టు పాల్ ఫిట్స్ 1954 నాటి ప్రయోగంలో మనుషుల చేతికి స్టైలస్ ఇచ్చి రెండు లోహపు పలకల మీద మార్చి మార్చి తట్టించాడు. పలకలు దూరమైనా, సన్నబడినా సమయం పెరుగుతుంది, ఆ పెరుగుదల లాగరిథమ్ ప్రకారం నడుస్తుంది. ఆ వారం ల్యాబులో మేమే మౌస్ పట్టుకుని గంటసేపు చుక్కల మీద క్లిక్ చేసి, మా డేటాతో గ్రాఫ్ వేసుకున్నాం. చుక్కలన్నీ దాదాపు ఒకే గీత మీదకి వచ్చి కూర్చుంటే, పరిచయం లేని శాస్త్రంలో మొదటిసారి కాలు ఆనినట్టు అనిపించింది. తెర అంచుకి ఆనించి పెట్టిన మెనూ ఎందుకు తేలిగ్గా దొరుకుతుందో ఆ రోజు అర్థమైంది: ఎంత విసురుగా కదిపినా మౌస్ బాణం అంచు దాటిపోదు, కాబట్టి అక్కడ ఎక్కడ ఆపాలా అని చూసుకునే పని లేదు.

ఇంకో వారం ఒక క్లాస్‌మేట్ సైకాలజిస్టు జార్జ్ మిల్లర్ 1956 పేపర్ చెప్తూ, మనిషి గుర్తుపెట్టుకోగలిగేది ఏడు, రెండు అటూ ఇటూ, కాబట్టి మెనూలో ఏడు కంటే ఎక్కువ ఉండకూడదు అన్నాడు. ప్రొఫెసర్ మధ్యలోనే ఆపారు. మిల్లర్ మాట్లాడింది జ్ఞాపకం గురించి. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ఈ ఏడు సూత్రం ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. నేను ఈ మధ్య వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో అడిగినాయనే ఆ మాట అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

శుక్రవారాలు క్రిటిక్. ఇది ఎవరూ సరిగ్గా చెప్పని సంగతి కాబట్టి వివరంగా చెప్తాను. గీసింది గోడకి అంటించాలి. అంటించినవాళ్లు నోరెత్తకూడదు. మిగతావాళ్లు చూసి, ఇదేంటో, ఏం చేస్తుందో, ఎక్కడ తికమకగా ఉందో పైకి అంటుంటారు. మీరు రాసుకోవాలి. "అది అలా కాదు" అని చెప్పే హక్కు లేదు, ఎందుకంటే రేపు యాప్ వాడేవాళ్ల పక్కన మీరు నిలబడి వివరించలేరు కదా. మొదటి రెండు నెలలూ శుక్రవారం పొద్దున్నే కడుపులో తిప్పేది. పదేళ్లు డిజైన్ చేసిన ఒక సహాధ్యాయిని ఒక రోజు క్రిటిక్ అయ్యాక మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. డిసెంబరు వచ్చేసరికి మాత్రం ఎవరూ ఏమీ అనకపోతేనే అనుమానం వచ్చేది. సరిగ్గా చూశారా లేదా అని.

హ్యూరిస్టిక్ ఎవాల్యుయేషన్ అని ఒక అసైన్‌మెంట్ ఉంటుంది. యాప్‌లు వాడటం ఎంత సులువో పరిశోధించే యాకబ్ నీల్సన్ 1994లో స్థిరపరిచిన 10 సూత్రాలు చేతిలో పెట్టుకుని ఒక యాప్‌లో లోపాలు వెతకాలి, ఒక్కోదానికీ 0 నుంచి 4 దాకా తీవ్రత వేయాలి. కలిసి చేయకూడదు. ఎవరికి వారు విడిగా చేసి, తర్వాత జాబితాలు కలపాలి. మా గ్రూపులో నలుగురం ఒకే యాప్ చూశాం, ఒకరి జాబితాకీ ఇంకొకరి జాబితాకీ పోలికే తక్కువ. తీవ్రత మీద అయితే అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. "ఐదుగురితో పరీక్షిస్తే 85 శాతం సమస్యలు దొరుకుతాయి" అన్న మాట వెనకున్న లెక్క కూడా ఆ వారమే విప్పి చూపించారు. నీల్సన్, లాండావర్ 1993లో వేసిన లెక్క అది. ఒక్కో మనిషి సగటున 31 శాతం సమస్యలు బయటపెడతాడన్న అంచనా మీద నిలబడింది. మీ యాప్‌లో ఆ సగటు తక్కువైతే ఐదుగురు సరిపోరు. ఉద్యోగాల్లో ఆ 31 గురించి ఎవరూ అడగరు, ఐదు మాత్రం అందరికీ తెలుసు.

2024 జనవరి నుంచి యాప్‌లు వాడేవాళ్లని ఇంటర్వ్యూ చేసే సెమిస్టరు. మాట్లాడించడం కష్టమనుకున్నాను. అసలు కష్టం రికార్డింగ్ ఇంటికి తెచ్చుకున్నాక మొదలైంది. గంట మాటల్ని చేత్తో రాయాలంటే నాకు ఐదారు గంటలు పట్టేది. ఆటోమేటిక్‌గా రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు, కానీ ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, పక్కన ఫ్యాన్ తిరిగినా అది ఏదేదో రాస్తుంది, మళ్లీ మొదటినుంచి వినాల్సిందే. పైగా రికార్డింగ్‌ని బయటి సర్వర్‌కి పంపడానికి పార్టిసిపెంట్, అంటే అధ్యయనంలో పాల్గొన్న మనిషి, ఒప్పుకున్నారా అన్న ప్రశ్న ఉంటుంది. ముందే సమ్మతి పత్రంలో రాయించుకోకపోతే అది వాడటానికి వీల్లేదు. మంచి హెడ్‌ఫోన్లు, కాలితో తొక్కి ఆడియో ఆపే పెడల్ ఒకటి కొన్నాను. కోర్సు మొత్తంలో నేను పెట్టిన డబ్బుల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఆ పెడలే.

తర్వాత అఫినిటీ గోడ. జపాన్‌కి చెందిన జిరో కవాకిత పద్ధతి ఇది, ఆయన పేరులోని పొడి అక్షరాలతో కేజే పద్ధతి అని కూడా అంటారు. ఇంటర్వ్యూల్లోంచి ఒక్కో మాటా ఒక్కో స్టిక్కీ నోటు మీద రాసి, దగ్గరగా అనిపించినవి ఒకచోట చేర్చుకుంటూ పోవాలి. గుంపులకి పేర్లు ముందే అనుకోకూడదు, చేర్చాక పెట్టాలి. చెప్పడానికి సులువే. రెండో రోజు పొద్దున్న వెళ్లేసరికి సగం నోట్లు నేల మీద. నోటుని కింది అంచు పట్టుకుని పైకి లాగితే వంకర తిరిగి గోడకి పట్టదట, పక్కనుంచి లాగితే తిన్నగా ఉంటుంది. దీన్ని సీనియర్ ఒకామె చెప్పింది, ఏ పుస్తకంలోనూ కనబడలేదు. ఇంకా: పెన్నుతో కాదు, మార్కర్‌తో రాయండి. ప్రతి సాయంత్రం గోడని ఫోటో తీయండి. ఆ సెమిస్టరులోనే ఒక గ్రూపు అంటించిన నోట్లన్నిటినీ శుభ్రం చేసేవాళ్లు ఆదివారం నాడు తీసి చెత్తడబ్బాలో వేశారు.

యాక్సెసిబిలిటీ క్లాసు ఆ సెమిస్టరులో నాకు బాగా నచ్చింది. ఫోన్ తెర మొత్తం నల్లగా చేసి, తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ అనే సాధనం చదివి వినిపిస్తుంటే రోజూ వాడే యాప్‌లో ఒక పని పూర్తిచేయాలి. పేరు పెట్టని బటన్లని అది "బటన్, బటన్, బటన్" అని చదువుకుంటూ పోతుంటే, డెవలపర్‌గా నేను ఎన్ని బటన్లకి పేరు పెట్టకుండా వదిలేశానో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. మామూలు అక్షరాలకీ వాటి వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలన్న నియమం పెట్టి క్లాసులో అందరి పోర్ట్‌ఫోలియోలూ కొలిస్తే, డిజైనర్లకి ఇష్టమైన లేత బూడిదరంగు అక్షరాలు వరసగా ఫెయిలయ్యాయి.

వేసవి ఇంటర్న్‌షిప్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బటన్ల రంగులు మార్చాను.

ఆగస్టులో థీసిస్ విషయం తేల్చుకోవాలి. ఆన్‌లైన్ ఫారాల్లో పెద్దవయసు వాళ్లు పుట్టినతేదీ ఎలా నింపుతారు అన్నది నేను ఎంచుకున్నాను. విన్నవాళ్లు "ఇంతేనా?" అన్నారు. కానీ లెక్క చూడండి. చాలా ఫారాలు క్యాలెండర్ చూపించి ఈ నెలతో మొదలుపెడతాయి. 1948 మార్చిలో పుట్టిన మనిషి 2024 డిసెంబరులో ఆ ఫారం తెరిచి, నెల నెలా వెనక్కి వెళ్లాలంటే బాణం 921 సార్లు నొక్కాలి. కార్డ్, మోరన్, న్యూవెల్ 1980లో ఇచ్చిన కీస్ట్రోక్ లెవెల్ మోడల్ ప్రకారం అలవాటైన టైపిస్టు ఒక మీట నొక్కడానికి 0.2 సెకను. అంత చురుకైన చేయి ఎక్కడా ఆగకుండా నొక్కినా మూడు నిమిషాలు దాటుతుంది. సంవత్సరం మీద నొక్కితే నేరుగా సంవత్సరాల జాబితా వచ్చే క్యాలెండర్లూ ఉన్నాయి, కానీ అక్కడ నొక్కొచ్చని తెలిస్తే కదా. బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ అయితే ఇలా గుర్తుండే తేదీలకి రోజు, నెల, సంవత్సరం అని మూడు విడి పెట్టెలు ఇవ్వమంటుంది. నేను క్యాలెండర్, కిందికి జారే జాబితాలు, మూడు పెట్టెలు, ఈ మూడూ పోల్చాలనుకున్నాను.

ఇక ఎథిక్స్ కమిటీ. మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా దీని అనుమతి లేకుండా ఒక్కళ్లని కూడా కూర్చోబెట్టకూడదు. ముందు ఒక ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 1932 నుంచి 1972 దాకా అమెరికాలోని టస్కీగీలో సిఫిలిస్ రోగులకి చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ ఊరుకున్న అధ్యయనం గురించి అందులో చదివాక, ఈ కాగితాల పని మీద విసుక్కోవడం మానేశాను. తర్వాత దరఖాస్తు: ఎవర్ని పిలుస్తాను, ఏ మాటలతో పిలుస్తాను (పోస్టర్ మీది వాక్యం కూడా జతచేయాలి), ఏం అడుగుతాను, మధ్యలో అలిసిపోతే ఏం చేస్తాను, డేటా ఎక్కడ దాస్తాను, ఎప్పుడు చెరిపేస్తాను. సెప్టెంబరు మొదట్లో పంపాను. అక్టోబరు మధ్యలో జవాబు వచ్చింది, సవరణలతో.

వాళ్ల మొదటి ప్రశ్నే నా ప్రయోగాన్ని ఆపేసింది. "పార్టిసిపెంట్ల అసలు పుట్టినతేదీ మీకెందుకు?" పుట్టినతేదీ మనిషిని గుర్తుపట్టించే సమాచారం. కల్పిత తేదీ ఒకటి కార్డు మీద రాసి ఇవ్వమన్నారు. సబబుగానే ఉంది. కానీ కార్డు చూసి నింపడం వేరు, తన తేదీ తాను నింపడం వేరు. కార్డు వైపు, తెర వైపు కళ్లు తిప్పుకునే సమయం కూడా నా లెక్కలో చేరిపోతుంది. గైడ్‌తో కూర్చుని ఒక దారి పట్టుకున్నాం: వాళ్లు అసలు తేదీనే నింపుతారు, కానీ ప్రోగ్రాం ఆ అంకెల్ని ఎక్కడా దాచదు. ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు చెరిపారు, తప్పు సందేశం వచ్చిందా లేదా అన్నవే మిగులుతాయి. వీడియో తీస్తే అంకెలు కనబడతాయి కాబట్టి వీడియో వద్దు. మళ్లీ పంపి, మళ్లీ మూడు వారాల పైచిలుకు కాచుకుంటే నవంబరులో అనుమతి వచ్చింది. మూడో సెమిస్టరు దాదాపు అయిపోయింది.

కాచుకున్న ఆ రోజుల్లో ప్రొటోటైప్, అంటే వాడి చూడగలిగే నమూనా, తయారుచేశాను. మేం నేర్చుకున్న డిజైన్ టూల్ ఫిగ్మాలో చేసే ప్రొటోటైప్‌లో అప్పటికి నిజంగా టైప్ చేయడం కుదిరేది కాదు, టైప్ చేసినట్టు కనిపించేదంతే. నాకు కావలసింది నిజంగా టైప్ చేయించడం. కాబట్టి హెచ్‌టీఎంఎల్‌లో కోడ్ రాసుకున్నాను. డెవలపర్‌గా పనిచేసిన ఏళ్లు ఇక్కడ అక్కరకొచ్చాయి. డిజైన్ నుంచి వచ్చిన ఒక స్నేహితురాలు ఇదే దగ్గర ఆగిపోయి కోడ్ రాసే మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంకో చిన్న లెక్క. ప్రతి ఒక్కరూ మూడు పద్ధతులూ వాడతారు కాబట్టి, వరస ప్రభావం పడకుండా మార్చి మార్చి ఇవ్వాలి. మూడింటికి ఆరు వరసలు. అంటే పార్టిసిపెంట్ల సంఖ్య ఆరు గుణిజాల్లో ఉండాలి. 24 మంది అనుకున్నాం. ఒకరు మానేస్తే, బదులుగా వచ్చినవాళ్లకి సరిగ్గా అదే వరస ఇవ్వాలి.

65 దాటినవాళ్లని 24 మందిని పట్టుకోవడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా పట్టింది. పోస్టర్ చూసి ఒక్కరూ రాలేదు. వృద్ధులు సాయంత్రం చేరే ఒక కేంద్రం నిర్వాహకురాలితో ముందు పరిచయం పెంచుకోవాల్సి వచ్చింది. ఆమె నమ్మాకే వాళ్లు నమ్మారు. ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేసినా కొందరు రారు. వచ్చినవాళ్లు చదివే కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వస్తారు. గుర్తుచేసే ఫోన్‌లోనే "కళ్లద్దాలు తెచ్చుకోండి" అని చెప్పడం మొదలుపెట్టాక సగం ఇబ్బంది పోయింది. ఒక్కొక్కరికీ ముప్పావుగంట అనుకుంటే గంటన్నర అయ్యేది. మిగతా సమయం కబుర్లకి. దాన్ని తగ్గించడానికి నేను ప్రయత్నించలేదు, తగ్గించకూడదు కూడా.

పార్టిసిపెంట్లకి ఇచ్చే గిఫ్ట్ కార్డుల డబ్బు ముందు నా జేబులోంచే పోయింది. తిరిగి రావడానికి నెలలు పట్టింది. కారణం వింటే నవ్వొస్తుంది: డబ్బు తిరిగివ్వాలంటే తీసుకున్నవాళ్ల పేర్లు, సంతకాలు కావాలని అకౌంట్స్ విభాగం అంటుంది. పేర్లు డేటాతో కలవకూడదని ఎథిక్స్ కమిటీ అంటుంది. చివరికి రెండు వేరు వేరు బీరువాలు, రెండు వేరు వేరు తాళాలు. ఈ సంగతి ముందే రెండు ఆఫీసులతోనూ మాట్లాడి పెట్టుకోండి.

ప్రయోగం జరిగే గదిలో ఏం జరుగుతుందో ఏ పేపరూ పూర్తిగా చెప్పదు. పెద్దవాళ్ల వేళ్లు పొడిబారి ఉంటాయి, టచ్ తెర కొన్నిసార్లు గుర్తుపట్టదు. గుర్తుపట్టలేదని వేలు అలాగే నొక్కి ఉంచుతారు, అప్పుడు ఫోన్ దాన్ని వేరే ఆజ్ఞ అనుకుని ఏదో మెనూ తెరుస్తుంది. ల్యాబు ఫోన్ కొత్తది, పెద్దది. వాళ్ల సొంత ఫోన్లలో అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకుని ఉంటారు. ప్రొటోటైప్‌ని అంత పెద్ద అక్షరాలతో చూసుకోకుండా మొదలుపెట్టకూడదని పైలట్‌లోనే, అంటే అసలు ప్రయోగానికి ముందు చేసిన చిన్న పరీక్షలోనే తెలిసింది, మంచిదైంది.

అన్నిటికంటే కష్టం నోరు మూసుకుని కూర్చోవడం. 78 ఏళ్ల ఒకావిడ క్యాలెండర్‌లో బాణం నొక్కుతూ నొక్కుతూ 2019 దాకా వెళ్లి ఆగారు. నా వైపు చూసి, "ఏమ్మా, నేనేమన్నా పాడు చేశానా?" అన్నారు. సంవత్సరం మీద నొక్కండి అని చెప్పేస్తే ఆ ఒక్క మాటతో ఆవిడ కష్టం తీరిపోతుంది, నా డేటా కూడా పోతుంది. "మేం పరీక్షిస్తున్నది ఈ ఫారాన్నండీ, మిమ్మల్ని కాదు. ఎప్పుడు ఆపేయాలన్నా ఆపేయొచ్చు" అని స్క్రిప్టులో ఉన్న మాటే చెప్పాను. ఆవిడ ఆపలేదు. నా చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు బిగించి కూర్చున్నాను. దాదాపు అందరూ ఏదో ఒక దగ్గర క్షమాపణ చెప్పారు. ఫారం బాగాలేదని మాత్రం ఎవరూ అనలేదు, "నాకే చేతకాదు" అన్నారు. కొన్ని సాయంత్రాలు ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు.

ఒక ఉపాయం చెప్తాను. మనసులో అనుకునేది పైకి చెప్తూ చేయమనే పద్ధతి ఉంది కదా, థింక్ అలౌడ్. సమయం కొలిచేటప్పుడు దాన్ని కలపకండి. మాట్లాడుతూ చేస్తే వేగం మారిపోతుంది. మూడు పద్ధతులూ మౌనంగా చేయించి, ఆఖర్లో ఒక్కసారి మాట్లాడిస్తూ చేయించాను.

సెషన్ చివర ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ప్రశ్నలు, వాడటం ఎంత సులువుగా అనిపించిందో కొలిచేవి. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన 10 వాక్యాలు, 0 నుంచి 100 దాకా స్కోరు. అది శాతం కాదు, సగటు 68 దగ్గర ఉంటుంది. క్యాలెండర్‌తో చెమటలు పట్టిన ఒక పెద్దాయన కూడా దానికి మార్కులు దండిగా వేశారు. నా ముఖం చూసి వేశారు. తర్వాత తర్వాత నేను గదిలోంచి బయటికి వెళ్లి, నింపిన కాగితం కవరులో పెట్టమని చెప్పేదాన్ని. కొంచెం తేడా వచ్చింది, పూర్తిగా కాదు.

మార్చి అంతా లెక్కలు. సమయాల డేటా ఎప్పుడూ ఒకవైపు సాగి ఉంటుంది, ఇద్దరు ముగ్గురు చాలా నెమ్మదిగా చేస్తే సగటు పైకి పోతుంది. అందుకే సమయాలకి లాగరిథమ్ తీసుకుని స్టాటిస్టిక్స్ పరీక్షలు చేశాను. మూడు పెట్టెలే గెలిచాయి, అందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం వేరే చోట దొరికింది. ఒక పెట్టె నిండగానే కర్సర్ తనంతట తానే పక్క పెట్టెలోకి దూకేలా మొదట పెట్టాను, సాయం అవుతుందని. పైలట్‌కి వచ్చినవాళ్లు దూకిందని గమనించకుండా మళ్లీ పక్క పెట్టె మీద నొక్కేవారు, లేదా నెల రాయాల్సిన చోట రోజు రాసి తలపట్టుకునేవారు. బ్రిటన్ వాళ్ల మార్గదర్శకాల్లో కూడా అలా దూకించవద్దనే ఉంది. తీసేశాను, గొడవ పోయింది. థీసిస్‌లో ఇది అర పేజీ. నన్ను అడిగితే పనికొచ్చే భాగం అదే.

డిఫెన్స్ గంటసేపు జరిగింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు అడిగిన మొదటి ప్రశ్న: "సంవత్సరం ముందు అడిగే క్యాలెండర్ పెడితే మీ తేడా అంతా పోతుంది కదా?" దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. మాట్లాడిస్తూ చేయించిన సెషన్లలో సంవత్సరం మీద నొక్కొచ్చని చాలామందికి తట్టనే లేదు. అది మామూలు అక్షరాల్లాగే కనిపిస్తుంది. నొక్కే వీలుంది, ఉందని చెప్పే గుర్తు లేదు. డిజైన్ పుస్తకాల రచయిత డాన్ నార్మన్ సిగ్నిఫయర్ అని చెప్పేది సరిగ్గా దీని గురించే. పరీక్షకుడు తలూపి, "మరి మీరు ఆ గుర్తు పెట్టి పరీక్షించలేదే" అన్నారు. నిజమే, సమయం లేదు. అది భవిష్యత్తు పని కింద రాసుకున్నాం. చిన్న సవరణలతో పాస్.

ఉద్యోగాల వేట ఏప్రిల్ నుంచే మొదలుపెట్టాను. కొత్తవాళ్ల ఉద్యోగాలకి మూడేళ్ల అనుభవం అడుగుతారు, ఒకే మనిషి రీసెర్చ్, తెరలు, బొమ్మలు, కోడ్ అన్నీ చేయాలంటారు. ఒక చోట ఇంటికి తెచ్చుకుని చేసే టెస్ట్ ఇచ్చారు, వారాంతం మొత్తం పట్టింది, ఆ తర్వాత జవాబే లేదు. ఇప్పుడు అలాంటివి వస్తే ఎన్ని గంటల పనో ముందే అడుగుతున్నాను. పోర్ట్‌ఫోలియోలో థీసిస్ కేస్ స్టడీని మూడు నాలుగు సార్లు తిరగరాశాను. పద్ధతి గురించి పొడుగ్గా రాసినప్పుడు ఎవరూ పిలవలేదు. "921 నొక్కులు" అన్న లెక్కని మొదటి వరసలో పెట్టాక పిలవడం మొదలుపెట్టారు.

జూలై చివర ఒక ఆఫర్ వచ్చింది. యూజర్ రీసెర్చర్ ఉద్యోగం, ఫారాలు చేసే టీమ్‌లో. సెప్టెంబరులో చేరాలి. చివరి ఇంటర్వ్యూలో వాళ్లు నా తెరలు ఒక్కటి కూడా చూడలేదు. పార్టిసిపెంట్లని ఎక్కడినుంచి తెస్తారు, రాకపోతే ఏం చేస్తారు అనే అడిగారు. చేరేలోగా డేటా చెరిపేసే గడువు వస్తుంది. బీరువాలోని సంతకాల కాగితాలు కూడా అప్పుడే ముక్కలు చేయించి, ఆ సంగతి రాతపూర్వకంగా కమిటీకి పంపాలి. ఈ పని కూడా ఉంటుందని థీసిస్ మొదలుపెట్టేటప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి, డిఫెన్స్ అయ్యాక ఎవరూ గుర్తుచేయరు.